తొట్టెలలో ఉలికిపడని పిల్ల

మా అమ్మ వాళ్ల క్వార్టర్‌లో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎవరూ వెంటనే నడుం వాల్చరు. ముందు సైరన్ మోగాలి. సైరన్ మోగగానే అమ్మ పొయ్యి మీద పాలుంటే దించుతుంది. బాపు తాగే నీళ్ల గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుంటాడు. పక్కింటి ఖాలా తన వంటింట్లోంచి "యా అల్లా" అని అందరి తరఫునా ఒక కేక పెడుతుంది. అప్పుడు ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అవుతుంది. భూమి కిందనుంచి ఎవరో మొట్టికాయ వేసినట్టు ఇల్లు ఒక్కసారి అదురుతుంది. కిటికీ అద్దాలు పళ్లు కొరుకుతాయి. గూట్లో స్టీలు గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఆ తర్వాతే గోదావరిఖనిలో మా కాలనీ కునుకు తీస్తుంది. ఊళ్లన్నీ జోలకు నిద్రపోతే మేం గోలకు నిద్రపోతాం.

ఈ వరస నేను మరిచిపోయాను. పెళ్లయి కరీంనగర్ పోయి, అక్కడ బడిలో పిల్లలకు తెలుగు చెప్తూ, లోకంలో చప్పుడంటే పీరియడ్ గంట ఒక్కటే అనుకుంటూ బతుకుతున్నాను. పైగా నా చిన్నప్పుడు బొగ్గు బాయిలు భూమి లోపల ఉండేవి, వాటి చప్పుళ్లు కూడా లోపలే ఉండేవి. నేను కనేనాటికి గని మా గుమ్మం దాకా వచ్చింది. తొలి కాన్పుకని ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన రోజు, మంచం అదరగానే పొట్ట రెండు చేతులతో పట్టుకొని లేచి కూర్చున్నాను.

"గోడలు గూడ గంత భయపడయి, ఏందే నువ్వు?" అంది అమ్మ, పాలగిన్నె మళ్లీ పొయ్యి మీద పెడుతూ.

గోడలు భయపడకపోవడం నిజమే. పగుళ్లు మాత్రం ఉన్నాయి.

బాపు అసలు తల కూడా తిప్పలేదు. బాపు చాలా ఏండ్లు బాయిలో డ్రిల్లు మిషన్ మీద పనిచేశాడు. ఎడమ చెవిని పూర్తిగా డ్యూటీకి ఇచ్చేసి, కుడి చెవిలో సగంతో రిటైర్ అయ్యాడు. బ్లాస్టింగ్ ఆయనకు చెవులకు కాదు, అరికాళ్లకు వినబడుతుంది.

పిల్ల పుట్టింది. పుట్టిన దవాఖానలో అన్ని పరీక్షలూ చేశారు, ఒక్క చెవుల పరీక్ష తప్ప. ఆ మిషన్ చూసే మనిషి సెలవులో ఉన్నాడు, తర్వాత తీసుకురండి అన్నారు. తర్వాత అంటే తర్వాతే కదా అని మేమూ ఊరుకున్నాం. పిల్లకు కళ్లున్నాయి, ముక్కుంది, ఏడవడానికి ఊపిరితిత్తులు రెండుకు బదులు నాలుగు ఉన్నట్టున్నాయి. ఇక చెవుల సంగతి ఎవరు చెవిన పెట్టుకుంటారు?

తల్లినయ్యాక నేను తలపెట్టిన మొదటి పెద్ద పని, ఆ క్వార్టర్‌లో నిశ్శబ్దాన్ని తయారు చేయడం. ఫోన్‌లో చదివాను. పసిపిల్లలకు గది మసకగా, చల్లగా ఉండాలి. తల్లి కడుపులో వినిపించిన హోరులాంటి సన్నని చప్పుడు ఒకటి ఆగకుండా వస్తుండాలి. వట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండ్లు గిండ్లు ఉండకూడదు. రోజూ ఒకే వరసలో స్నానం, పాలు, జోల. నాకు వరసంటే ఇష్టం. టైంటేబుల్ వేసే ఉద్యోగం నాది. కిటికీకి బాపు చలికాలపు రగ్గు అడ్డం కట్టాను. తలుపు కిందికి పాత చీర తోశాను. కాలింగ్ బెల్లు వైరు పీకేశాను. అమ్మ ఎంతో ముచ్చటపడి కుట్టిన ఆవాల దిండును బీరువా మీదికి ఎక్కించాను.

"దిండు లేకుంటే తల గుండ్రంగ ఎట్లయితదే? నీ తల చూడు, ఎంత ముద్దుగున్నదో," అంది అమ్మ.

"తల గుండ్రంగ ఉంటే సరిపోద్దా అమ్మా, లోపల ఏమన్న ఉండాలె గద."

"గా తప్పు దిండుది గాదు."

ఫోన్‌లో సముద్రం హోరు పెట్టాను. అమ్మ కాసేపు విని, "పక్కన గోదారి పెట్టుకొని సముద్రం దాకా ఎందుకు పోయినవే?" అంది. ఖాలా వచ్చి ఆ చీకటి గదిలో కాలు పెట్టబోయి గడప తగిలి తూలింది. "బేటీ, గిట్ల అంధేరా చేసి, ఎవ్వల్ని మాట్లాడనియ్యకపోతే బచ్చీకి ఫికర్ అయితది. ఇంట్ల మనుషులు ఉన్నరా, పోయిన్రా అని," అంది.

పిల్లకు నిజంగానే అదే ఫికర్ అనుకుంటా. ఆ మసక గదిలో, ఆ సముద్రం ఒడ్డున, పరుపు మీద పెట్టిన క్షణంలో ఏడుపు. భుజం మీద వేసుకొని "ష్, ష్" అంటూ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేదాన్ని. గుడ్డలో చుట్టి వీపు తట్టేదాన్ని. ఊరుకోబెట్టడమంటే నేను ఊరుకోకుండా ఉండడమని అప్పుడు తెలిసింది. ఎలాగో కళ్లు మూసుకుందీ అనుకునేసరికి బ్లాస్టింగ్. మంచం కదలగానే పిల్ల రెండు చేతులూ గాలిలోకి విసిరి, ఎవరో కొండ మీదినుంచి తోసేసినట్టు ముడుచుకొని, ఆ తర్వాత ఏడుపు.

పురుడు వెళ్లాక అమ్మ ఇక ఊరుకోలేదు. తన మెత్తటి నూలుచీర ఒకటి తీసి, స్లాబుకున్న ఇనుప కొండికి తాడు వేసి, తొట్టెల కట్టింది. చీర ముడుచుకుపోకుండా పైన అడ్డంగా ఒక కట్టె పెట్టింది. నేను పక్కన కూర్చుంటానని, రెప్ప వేయనని ఒప్పించుకొని పిల్లను అందులో వేశాం. రెండు ఊపులకు నిద్రపోయింది. సైరన్ మోగింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. భూమి అదిరింది, గిన్నెలు మోగాయి, ఖాలా అల్లాను పిలిచింది. కళ్లు తెరిచి చూస్తే పిల్ల కనురెప్ప కూడా కదలలేదు.

"చూసినవా," అంది అమ్మ. "మీ ఫోన్ల చెప్పిన్రా గిది?"

అప్పటినుంచి అదే వరస. సైరన్‌కు ముందే పిల్ల తొట్టెలలో ఉండాలి. మంచం మీద ఉంటే ఉలికిపడుతుంది, తొట్టెలలో ఉంటే కదలదు. వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఖాలా అయితే వాడంతా చెప్పుకొచ్చింది, "అస్లీ బాయి పిల్ల, బాంబు పెట్టినా లేవదు" అని. నేను కూడా కొంచెం గర్వపడ్డాను. ఆదివారం ఆదివారం వచ్చే మా ఆయనకు, నేనే ఏదో నేర్పించినట్టు, ఆ నిద్రను ప్రదర్శనకు పెట్టేదాన్ని.

ఒకరోజు బ్లాస్టింగ్ మామూలు కంటే గట్టిగా అయింది. గూటి అంచున ఉన్న ఇత్తడి బిందె దొర్లి, తొట్టెలకు జానెడు దూరంలో నేల మీద పడింది. పడడమే కాదు, గింగిర్లు తిరుగుతూ చాలాసేపు మోగింది. వంటింట్లోంచి అమ్మ, పక్కింట్లోంచి ఖాలా పరుగెత్తుకొచ్చారు. వాకిట్లో కూర్చున్న బాపు కూడా ఏదో పడిందని తల ఎత్తాడు.

పిల్ల నిద్రపోతూనే ఉంది. పెదవి మీద పాల బుడగ ఒకటి, అది కూడా పగల్లేదు.

"వారెవ్వా, ఏం నిద్ర," అంది ఖాలా.

నేను నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగింది. తొట్టెల చీర మీద నా చెయ్యి ఉంది. భూమి అదిరినప్పుడు నా కింద పీట అదిరింది, పక్కన గోడ అదిరింది, ఆ చీర మాత్రం మెత్తగా, ఏమీ తెలియనట్టు ఉంది. తాడు మీద వేలాడే తొట్టెలకు భూకంపం అందదు. మంచం మీద ఉన్నప్పుడు పిల్లను లేపింది ఏమిటి మరి? చప్పుడా, అదురా? చప్పుడయితే తొట్టెలలో కూడా వినబడాలి కదా. చప్పుడుకు తాళ్లు అడ్డం రావు కదా.

పిల్లకు వినబడటం లేదు. కింద మంచం కదిలితే ఉలికిపడుతోంది, అంతే. బాపు లాగా.

ఖాలా బిందెను లేపి సొట్ట చూస్తోంది. అమ్మ ఎవరు అంచుకు పెట్టారని తనను తానే తిట్టుకుంటోంది. వాళ్లిద్దరూ ఒక లోకంలో, నేనూ నా తొట్టెలా ఇంకొక లోకంలో ఉన్నట్టు అనిపించింది.

ఆ భయానికి మా ఇంట్లో వేళ్లున్నాయి. బాపు చెవులు పని తిన్న చెవులు, అవి పుట్టుకతో వచ్చినవి కావు. కానీ బాపు చెల్లెలు, మా చిన్నత్త, పుట్టినప్పటి నుంచి వినదు, మాట్లాడదు. నా పదో తరగతి దాకా ఇదే క్వార్టర్‌లో మాతోనే ఉండేది. నాకు మాటలు సరిగా రాకముందే ఆమె చేతులు వచ్చాయి. తెలుగు చెప్పే పంతులమ్మ ఒప్పుకోకూడని సంగతి గాని, నాది మాతృభాష కాదు, మేనత్త భాష. ఎవరైనా మా ఇంటికొచ్చి గొప్పలు పోతుంటే, వాళ్ల వెనక నిలబడి చిన్నత్త రెండు వేళ్లతో వాళ్ల నడక చూపించేది. నవ్వాపుకోలేక నేను తన్నులు తినేదాన్ని.

నాకు చిన్నత్త అంటే ఎప్పుడూ భయం లేదు. చిన్నత్తతో మనుషులు ఉన్న తీరంటేనే భయం. పెళ్లిళ్లలో ఆమెను వంటల దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. ఆమె ఎదురుగానే ఆమె గురించి, లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. ఒకసారి జాతరలో తప్పిపోయింది. ఇల్లు ఎక్కడో చేతులతో చెప్తుంటే ఎవరికీ అర్థం కాలేదు. పిచ్చిదనుకొని పొద్దుమూకేదాకా ఒక చెట్టు కింద కూర్చోబెట్టారు, పిల్లలు రాళ్లు కూడా వేశారు. బాపు వెతికి తీసుకొచ్చినప్పుడు ఆమె ఏడవలేదు, బాపే ఏడ్చాడు. ఆమె పోయి చాలా ఏండ్లయింది. బాపు ఆమె పేరెత్తడు.

ఇప్పుడు ఆ చెట్టు కింద నా కూతురు కూర్చొని ఉన్నట్టు కనబడేది, పగలే, కళ్లు తెరిచి ఉండగానే.

మరుసటి రోజు నుంచి నా బతుకు తలకిందులైంది. అంతదాకా చప్పుడు లేకుండా చేయడానికి చచ్చినదాన్ని, ఇప్పుడు దొంగచాటుగా చప్పుళ్లు చేయడం మొదలుపెట్టాను. అమ్మ బట్టలుతకడానికి వెళ్లగానే పిల్ల తల వెనక చప్పట్లు కొట్టేదాన్ని. కళ్లార్పింది! చప్పట్ల గాలి తగిలిందేమో. గిలక్కాయ ఆడించేదాన్ని. తల తిప్పింది! తిప్పడం కాదు, పాల కోసం వెతుకుతోందేమో. పేరు పెట్టి పిలిచేదాన్ని. నా వైపు చూసింది! నా నీడ కదిలిందేమో. ప్రతి 'ఆహా' వెనకా ఒక 'ఏమో' నిలబడి ఉండేది. ఏడుస్తున్నప్పుడు నా గొంతు విని ఊరుకుందంటే, ఎత్తుకున్నందుకు ఊరుకుందేమో అనిపించేది. ఎత్తుకోకుండా పిలిచి చూద్దామంటే, ఏడ్చే పిల్లను ఎత్తుకోకుండా నిలబడే గుండె నాకు లేదు.

ఒకనాడు స్టీలు పళ్లెం, గరిటె పట్టుకొని తొట్టెల మీదికి వంగి ఉండగా అమ్మ లోపలికి వచ్చింది.

"పిల్లను పండబెడ్తున్నవా, ఊరేగిస్తున్నవా?"

గరిటె కింద పెట్టి చెప్పేశాను. బిందె, తాడు, మంచం, అదురు, అన్నీ. చెప్తున్నంతసేపూ "నీ మొహం, నీకన్నీ అనుమానాలే" అని అమ్మ తిడుతుందనుకున్నాను. ఆ తిట్టు కోసమే చెప్పాను. అమ్మ తిట్టలేదు. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది, అవి ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"మీ బాపుతోని అనకు," అంది చివరికి.

ఆ మూడు ముక్కలతో నాకు అంతదాకా ఉన్న భయం రెండింతలైంది. అమ్మకు కూడా లోపల ఎక్కడో ఆ ఆలోచన ఉందన్నమాట.

మా ఆయనకు ఫోన్ చేశాను. "నిద్ర లేక నీకు గట్ల అనిపిస్తున్నది. నువ్వు మంచిగ పండుకో ముందు," అన్నాడు. మంచి సలహానే. అందరూ పసిపిల్లను పడుకోబెట్టే ఉపాయాలు చెప్తారు, పసిపిల్ల తల్లిని పడుకోబెట్టే తొట్టెల ఎక్కడా దొరకదు. "పరీక్ష చేయించుదాం, ఆదివారం దాకా ఆగు," అని కూడా అన్నాడు. ఆగుదామనే అనుకున్నాను.

ఆ మరుసటి రోజు ఆరేసిన పొత్తిగుడ్డలు తీసుకొని పెరట్లోంచి లోపలికి వచ్చేసరికి, తొట్టెల పక్కన బాపు గొంతుక్కూర్చొని ఉన్నాడు. చేతిలో ఇంటి తాళాల గుత్తి. దాన్ని పిల్ల చెవి దగ్గర ఆడిస్తున్నాడు. ఆపి మొహం చూస్తున్నాడు. మళ్లీ ఆడిస్తున్నాడు. సన్నని చప్పుళ్లు బాపుకు ఎప్పుడో పోయాయి. ఫోన్ మోగినా తెలియదు, కుక్కర్ కూసినా తెలియదు.

నన్ను చూసి దాచుకోలేదు. గుత్తి ఇంకొకసారి ఆడించి, "ఇది మోగుతున్నదా బిడ్డా?" అని అడిగాడు.

తలూపాను.

"గట్టిగనే మోగుతున్నదా?"

"గట్టిగనే బాపు."

పిల్ల నోరు సగం తెరిచి హాయిగా నిద్రపోతోంది. బాపు గుత్తిని చొక్కా జేబులో వేసుకొని, ఇంకా మోగుతుందేమో అన్నట్టు పైనుంచి అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"చెల్లెను మా అవ్వ గిట్లనే చూసింది," అన్నాడు. "రాగిచెంబు కొట్టి కొట్టి చూసింది. చెంబు సొట్టలు పోయింది గాని ఒక్కసారి గూడ దవాఖానకు తీస్కపోలేదు. భయం. పోతే నిజమైతదని భయం. మనం రేపే పోదాం."

"ఆదివారం ఆయన వస్తడు గద బాపు."

"ఆయనను దవాఖాన కాడనే కలుసుకోమను. రేపే."

బాపు అంత గట్టిగా మాట్లాడడం అలవాటే, వినబడని మనిషి కదా. కానీ ఆ రోజు ఆ గొంతులో ఉన్నది చెవుడు కాదు.

మంచిర్యాలలో చెవుల పరీక్ష చేసేచోటు ఒకటి ఉందని ఖాలా కొడుకు కనుక్కొని చెప్పాడు. మా ఆయనకు సెలవు దొరకలేదు. పొద్దున్నే నలుగురం బయలుదేరాం, నేనూ అమ్మా బాపూ పిల్లా. అమ్మ సంచిలో పొత్తిగుడ్డలతో పాటు తొట్టెల విప్పి ఆ చీర కూడా పెట్టుకుంది. "ఎందుకమ్మా?" అంటే, "దాని వాసన దానికుంటది, ఉండనియ్," అంది. బస్సు హారన్లు కొట్టుకుంటూ, గుంతల్లో ఎగురుకుంటూ గోదావరి బ్రిడ్జి దాటింది. పిల్ల నా ఒళ్లో ఒళ్లెరగకుండా పడుకుంది. పక్క సీటామె, "ఎంత బుద్ధిమంతురాలో," అంది. ఎవరు ఆ నిద్రను పొగిడినా నాకు ఎవరో గిచ్చినట్టుండేది.

పరీక్ష చేసే అమ్మాయి నాకంటే చిన్నది, మెల్లగా మాట్లాడింది. "తలకు, చెవుల వెనక చిన్న తీగలు అంటిస్తం. చెవిలో చప్పుడు పంపిస్తం. నొప్పేం ఉండదు. కాకపోతే పాప నిద్రల ఉండాలె. మెలకువ ఉంటే కదుల్తది, మిషన్‌కు ఏం తెల్వదు. పాలిచ్చి పండబెట్టండి, పడుకున్నంక పిలువండి."

అంతే కదా అనుకున్నాను. పడుకోవడంలో నా కూతురిని మించినవాళ్లు లేరు.

మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పంపించింది. గోడలకు మెత్త, నేలకు మెత్త, తలుపుకు మెత్త. మసక వెలుతురు. ఏసీ చల్లదనం. నేను క్వార్టర్‌లో రగ్గులు కట్టి, వైర్లు పీకి తయారు చేయాలనుకున్న గది అదే. ఫోన్‌లో చెప్పిన గది. తలుపు మూయగానే లోకం ఊపిరి ఆగిపోయినట్టయింది. నా గుండె చప్పుడు నాకు వినబడింది. చిన్నత్త జీవితమంతా ఇలాంటి గదిలో ఉందా అనిపించి, పిల్లను ఇంకా దగ్గరికి హత్తుకున్నాను.

బస్సులో నిద్ర అంతా అయిపోయిన పిల్ల కళ్లు పెద్దవి చేసి చూసింది. చూసి ఏడుపు అందుకుంది. పాలిచ్చాను. తాగి ఏడ్చింది. గుడ్డలో చుట్టాను, తట్టాను, "ష్, ష్" అన్నాను, నాకు వచ్చిన జోలలు, రానివి కూడా పాడాను. బడిలో పద్యం చెప్తే నలభై మంది నిద్రపోతారు, ఇక్కడ ఒక్క ప్రాణి నిద్రపోదు. ఆ మెత్తటి గదిలో ఏడుపు మరీ చిన్నగా, దూరంగా వినబడి ఇంకా భయం వేసేది. ఆ అమ్మాయి రెండుసార్లు తలుపు తీసి చూసింది. మూడోసారి, "అక్కా, వేరేవాళ్లు ఉన్నరు. పాప పడుకోకపోతే ఇంకోరోజు రండి. లేదంటే డాక్టర్ రాసిస్తే నిద్రమందు పట్టియ్యాలె," అంది.

ఇంకోరోజా? తెలియకుండా మళ్లీ ఆ ఇంటికి, ఆ తొట్టెల దగ్గరికి పోలేను. తెలిస్తే ఏమవుతుందో అని భయం ఒకటి, తెలియకుండా పోవాలంటే భయం ఒకటి. రెండు భయాల మధ్య పిల్లను ఎత్తుకొని వరండాలోకి వచ్చాను.

వరండాలో బల్ల మీద ఒకామె మూడేండ్ల పాపతో కూర్చొని ఉంది. ఆ పాప చెవి వెనక చిన్న మిషన్ ఉంది, తల్లి గాజులు లెక్కపెడుతూ ఆడుకుంటోంది. ఆమె నన్ను చూసి, "చిన్నప్పుడే తీస్కొచ్చిన్రు, మంచి పని చేసిన్రు. మాకు మస్తు ఆలస్యంగ తెలిసింది," అంది. మంచి మాటే అంది. నేను మాత్రం పిల్ల చెవి మీదికి గుడ్డ లాగాను.

అమ్మ సంచిలోంచి చీర తీసింది.

"ఇక్కడ కొండి ఏది అమ్మా?" అన్నాను దాదాపు ఏడుస్తూ.

"మనుషులున్నరు గద," అంది అమ్మ. బాపును మోచేత్తో పొడిచింది. చీరను మడతపెట్టి, ఒక కొస తన చేతికి చుట్టుకొని, ఇంకొక కొస బాపుకు ఇచ్చింది. బాపుకు చెప్పాల్సిన పని లేకపోయింది. గనిలో తాడు పట్టినట్టు మణికట్టుకు రెండు చుట్లు తిప్పి పట్టుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో వేలాడే చీరలో పిల్లను వేసి, కింద నా రెండు చేతులూ పరిచి పట్టుకున్నాను. ఊపారు.

బాపు జోల అందుకున్నాడు. నేను పుట్టాక బాపు పాడగా వినలేదు. తన గొంతు తనకు వినబడక రాగం ఒకచోట, మాట ఒకచోట, గొంతు ఇంకొకచోట పోతున్నాయి. పాట కంటే బాయిలో బొగ్గు టబ్బులు లాగే ఇంజను మోతకు దగ్గరగా ఉంది. వరండా అంతా చూసింది. ఆ మూడేండ్ల పాప గాజులు వదిలి వచ్చి చీర కింద దూరి చూసింది. అమ్మ సిగ్గుతో తల వంచుకుంది గాని చెయ్యి ఆపలేదు. నేను పిల్ల కళ్లనే చూస్తున్నాను. ఆ కళ్లు ఒకసారి బాపు వైపు తిరిగినట్టనిపించింది. గొంతు వైపా, ఊపు వైపా? మళ్లీ ఆ 'ఏమో'.

మెల్లగా రెప్పలు వాలాయి.

చీరతో సహా లోపలికి తీసుకుపోయాం. బాపును, అమ్మను బయట ఉండమన్నారు. నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించారు. నా అరచేయంత తలకు అన్ని తీగలు. ఆ అమ్మాయి తెర ముందు కూర్చుంది. తెర మీద సన్నని గీతలు వణుకుతూ పోతున్నాయి. అవి మంచి గీతలో చెడ్డ గీతలో నాకు తెలియదు. జీవితంలో నేను చదవలేని రాత మొదటిసారి చూశాను. చెవిలో వెళ్తున్న చప్పుడు నాకు వినబడదు. పిల్లకు వినబడుతోందో లేదో తెలియదు. ఆ అమ్మాయి మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఆమె తల ఎత్తలేదు. ఒక చెవి అయ్యాక రెండో చెవికి మార్చింది. ఎందుకు ఏమీ అనలేదు? బాగుంటే బాగుందని అనేది కదా? అంత సేపు ఎందుకు? నాకు తెలిసిన దేవుళ్లను, ఖాలా దేవుణ్ణి కూడా పిలిచాను. ఆ నిమిషంలో, వినబడకపోయినా సరే, చిన్నత్త చేతులన్నీ నాకు వచ్చు, అవన్నీ దీనికి నేర్పుతాను అనుకున్నాను. అనుకుంటుంటే ఒళ్లో చేతులు వాటంతట అవే కదిలాయి. పదేండ్లకు పైగా కదలని వేళ్లు. ఏమీ మరిచిపోలేదు.

"అక్కా," అంది ఆ అమ్మాయి, తీగలు విప్పుతూ. "మంచిగున్నది. రెండు చెవులు మంచిగున్నయి."

నేను మళ్లీ అడిగాను. ఆమె మళ్లీ చెప్పింది. మరి బిందె పడితే లేవలేదే, బ్లాస్టింగ్‌కు లేవలేదే అన్నాను. "మీది ఏడ?" అని అడిగింది. కాలనీ చెప్పాను. నవ్వింది. "కడుపుల ఉన్నప్పటి నుంచి రోజూ ఇంటున్నది గదక్కా. ఇనీ ఇనీ ఊకున్నది. మంచం కదిలితే మాత్రం ఏ పిల్లయినా ఉలిక్కిపడ్తది. కొందరు పిల్లలు ఇట్లనే మొద్దునిద్ర పోతరు, ఫికర్ చెయ్యకు. మూడు నెలలకు మాత్రం మల్ల ఒకసారి చూపించుకో."

పిల్లను చీరలో చుట్టుకొని, గోడ పట్టుకొని వరండాలోకి వచ్చాను.

బాపు లేచి నిలబడ్డాడు. "ఏమన్నది?" అని అడిగాడు. చెవులు లేనివాళ్ల ప్రశ్న వరండా అంతటికీ వినబడుతుంది. అందరూ నా వైపు తిరిగారు. ఆ మూడేండ్ల పాప తల్లి కూడా చూసింది, తనే అడిగినట్టు, మంచి మాట వినాలన్నట్టు. ఆమె ఒళ్లో పాప తలకాయ. ఆ తలకాయ పక్కన చిన్న మిషన్. బాపుకు వినబడాలంటే నేను గట్టిగా అరవాలి. ఆమె ముందు ఆ మాట ఎలా అరవడం?

పిల్లను అమ్మకిచ్చాను. అమ్మ నా మొహం చూడగానే కళ్లు తుడుచుకుంది, ఆమెకు చాలు. బాపుకు చెయ్యి ఎత్తి చూపించాను, అంతా మంచిదే అని, చిన్నత్త చూపించేటట్టే.

బాపు మొహంలో రక్తం లేదు.

"చేతుల్తోని చెప్పకు బిడ్డా," అన్నాడు. మొదటిసారి మెల్లగా అన్నాడు. "నోటితోని చెప్పు."

అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. ఆ చేతుల్లో బాపుకు చెల్లెలే కనబడింది. చెయ్యి దించేసి, బాపు జబ్బ పట్టుకొని బయటికి నడిపించాను. మెట్ల దగ్గర ఆయన కాలు తడబడింది. నేను మాట్లాడకుండా నడిపిస్తున్నకొద్దీ నా చేతిలో ఆయన జబ్బ బరువెక్కింది. గేటు దాటాక, ఆటోలు వరసగా నిలబడి మోగుతున్న చోట ఆగి, ఆయన కుడి చెవికి నోరు ఆనించాను.

"ఇనబడ్తున్నదట బాపు. రెండు చెవులు మంచిగున్నయట."

"ఆఁ?"

"ఇనబడ్తున్నదట! రెండు చెవులకు!"

"ఏందీ?"

"పిల్లకు ఇనబడ్తున్నది బాపూ!"

ఆటోవాళ్లు చూస్తున్నారు. పిల్ల లేచి ఏడుపు అందుకుంది. అమ్మ దాన్ని భుజం మీద వేసుకొని తడుతూ వెనకనుంచి అంది, "నీకు మొదటిసారే ఇనబడ్డది గదయ్యా. అరిచి అరిచి నీ బిడ్డ గొంతు పోతున్నది."

"ఇనబడ్డది," అన్నాడు బాపు, గేటు కమ్మీ పట్టుకొని, తల నా వైపు ఇంకా వంచి. "ఇంకోసారి చెప్పమను."